విల్లు లాగిన చెయ్యి

నా మాట విని కాంగ్ దెషున్ ఆసుపత్రికి వెళ్ళలేదు.

ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండోవారు ఆయన. ఆయనకి మాట పడిపోయింది.

నా పేరు తాన్ పెయ్‌రోంగ్. చెంగ్డూలో ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సుల్లో పనిచేశాను. మొదట కండక్టరుగా, తర్వాత డ్రైవరుగా. రిటైరయ్యాక నది ఒడ్డు పార్కులో రోజూ పొద్దున ఆరున్నరకి నలభై మందిని వరసల్లో నిలబెట్టి ఎనిమిది పట్టుముక్కల కసరత్తు చేయిస్తున్నాను. పదకొండేళ్ళుగా ఇదే పని.

అదేం బ్రహ్మవిద్య కాదు. ఎనిమిది కదలికలు, పన్నెండు నిమిషాలు. రెండు చేతులతో ఆకాశాన్ని పైకెత్తాలి. అటోసారి ఇటోసారి విల్లు లాగాలి. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి తొయ్యాలి. మెడ తిప్పి వెనక్కి చూడాలి. ఇలా చేసుకుంటూ పోయి చివర్లో మడమలెత్తి ఏడుసార్లు నేలకి తాటించాలి. కూరగాయల సంచి పక్కన పెట్టుకుని చేసేవాళ్ళున్నారు, మనవణ్ణి బడిలో దింపి వచ్చి చేసేవాళ్ళున్నారు. నడుము పట్టేయడం తగ్గుతుంది, నిద్ర పడుతుంది, పగలంతా ఒంట్లో హుషారుంటుంది. ఇది నేను కళ్ళారా చూశాను, ఇప్పటికీ నమ్ముతాను.

కొండ మీది తావో మఠంలో ఒక ముసలి సన్యాసిని దగ్గర నేర్చుకున్నాను. నెత్తిన కొప్పు, కొప్పులో చెక్క పుల్ల, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. "బలమంతా పెట్టకు. పదిలో ఏడు వంతులు చాలు. నొప్పి పుడితే ఆగు," అనేది.

ఆవిడ చెప్పినవి అందరికీ చెప్పాను. చివరి మాట మాత్రం మార్చేశాను.

కండక్టరుగా ఉన్న రోజుల్లో ఊరంతా ఊపిరి కసరత్తుల పిచ్చి. ఒక ఆదివారం స్టేడియంలో ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని చెప్పాడు. "కసరత్తు చేస్తుంటే నొప్పి వచ్చిందా? సంతోషించండి! ప్రాణశక్తి వెళ్ళి రోగాన్ని గుద్దుతోందన్నమాట. ఆపారో, రోగం గెలిచినట్టే!" వేలమంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది.

పార్కులో ఎవరైనా "గురువుగారూ, మోకాలు లాగుతోంది" అంటే చాలు, "శక్తి గుద్దుతోంది, ఆపకు" అనేదాన్ని. నాలుగు రోజులకి మోకాలి నొప్పి తగ్గేది. తగ్గినప్పుడల్లా నా మాటకి బరువు పెరిగేది. మంగలి ఫూ నవ్వులాటకి అడిగేవాడు, "గురువుగారూ, మరి నా బట్టతలని ఎప్పుడు గుద్దుతుంది?" అని. వరసంతా నవ్వేది. చివరికి ఆ మాట మా గుంపు మాట అయిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళకి పాతవాళ్ళే చెప్పేవారు.

అలాంటి ఒక మంగళవారం పొద్దున కసరత్తు అయ్యాక కాంగ్ దెషున్ నా దగ్గరికి వచ్చాడు.

ఆయనకి డెబ్భై. అచ్చాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మొదటి వరసలో నిలబడేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్దయినా "గురువుగారూ" అనే పిలిచేవాడు.

"గురువుగారూ, విల్లు లాగుతుంటే కుడి చెయ్యి నాది కానట్టయింది," అన్నాడు. "పది నిమిషాలు మొద్దుబారిపోయింది. నిన్న కూడా ఇంతే. టీ కప్పు జారి పగిలింది."

"మీ ఆవిడ లాన్‌ఫెన్‌కి చెప్పావా?"

"అమ్మో! చెబితే ఆసుపత్రికి ఈడ్చుకుపోతుంది. అక్కడ ఆ పరీక్షా ఈ పరీక్షా అని వారం పడుకోబెడతారు. మీరు చెప్పండి. వెళ్ళాలంటారా?"

నేను ఆయన కుడి చెయ్యి పట్టుకుని చూశాను. డాక్టరులాగా చూశాను! వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"ఏం అక్కర్లేదు అన్నా. మూసుకున్న దారిని శక్తి తోసుకుంటూ పోతోంది. ఇప్పుడు ఆసుపత్రికి పోయి పడుకుంటే చేసిందంతా వృథా. రేపట్నుంచి విల్లు ఇంకో నాలుగుసార్లు ఎక్కువ లాగు."

ఆయన ముఖం విప్పారింది. "ఈ మాట కోసమే వచ్చాను," అని మిరపనూనె నూడుల్స్ తినడానికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున ఆయన పార్కుకి రాలేదు. ఇంటి గుమ్మంలో షూ లేసు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోయింది. కుడి పక్క అంతా పోయింది. మాట పోయింది.

శనివారం నేను ఆసుపత్రికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, నిజం. దారి పొడుగునా బస్సులో మాటలు కూర్చుకున్నాను.

వార్డు బయట ఆయన భార్య యూ లాన్‌ఫెన్ నన్ను చూడగానే వచ్చి మీద పడింది. నోరున్న మనిషి. పలకలతో ఆడే మాజాంగ్ బల్ల దగ్గర కూర్చుంటే నాలుగు ఇళ్ళ అవతలికి వినిపిస్తుంది. అలాంటిది గొంతు పూడిపోయింది.

"నేనే చేశానక్కా. ఈ నోటితో నేనే చేశాను."

"ఏమిటే?"

"ఆ పొద్దున పోట్లాడుకున్నాం. ముందు రోజు మాజాంగ్ ఆడి ఆలస్యంగా వచ్చానని సణిగాడు. నాకు ఒళ్ళు మండింది. షూ లేసు కట్టుకోలేక తంటాలు పడుతుంటే, 'లేసు ముడి కూడా రాని ముసలోడివి, నువ్వా నాకు చెప్పేది! నువ్వు పోతే హాయిగా రోజంతా ఆడుకుంటా' అన్నాను. అన్నానక్కా! ఆ మాట పూర్తయిందో లేదో పడిపోయాడు. కోపం నెత్తికెక్కి నరం మూసుకుపోయింది."

నా నోట్లో సిద్ధంగా ఉన్న మాటలు అక్కడే ఆగిపోయాయి.

అప్పుడే డాక్టరమ్మ బయటికి వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల. చేతిలో కాగితాలు. "అమ్మా, ఒక్క విషయం. అంతకు ముందు రెండు మూడు రోజుల్లో ఆయనకి చెయ్యి తిమ్మిరి, మాట తడబడటం, చేతిలో వస్తువులు జారిపోవడం లాంటివి ఏమైనా ఉన్నాయా?"

"ఏం లేవు తల్లీ. గుర్రంలా ఉన్నాడు. రోజూ కసరత్తు చేసేవాడు. కావాలంటే ఈవిడ్ని అడుగు, వాళ్ళ గురువు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

నా చేతిలో పంది ఎముకల సూప్ ఫ్లాస్కు ఉంది. దాని మూత గట్టిగా బిగించాను.

"బాగానే ఉండేవాడు," అన్నాను.

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. "ముందే ఏదైనా కనిపించి, అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు ఆపగలిగేవాళ్ళం. సరే," అని వెళ్ళిపోయింది.

మొదటిసారి తప్పు చెప్పినప్పుడు నాకు తెలియక చెప్పాను. రెండోసారి తెలిసే చెప్పాను.

లోపల దెషున్ మంచం మీద ఉన్నాడు. నోరు ఒక పక్కకి జారింది. నన్ను చూడగానే ఎడమ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతులోంచి ఏదో శబ్దం తోసుకొచ్చింది, మాట కాలేదు.

"చూశావా అక్కా, నువ్వంటే ఎంత ప్రాణమో," అంది లాన్‌ఫెన్. "నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటాడు. నాకది న్యాయమే."

ఆ వేళ్ళు నా చర్మంలోకి దిగుతున్నాయి. ఆయన ఏమంటున్నాడో నాకు తెలుసు. నువ్వు వద్దన్నావు కదా అంటున్నాడు.

ఆ రోజు నుంచి రోజు విడిచి రోజు వెళ్ళేదాన్ని. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని మొదట వెళ్ళాను. తర్వాత వెళ్ళకుండా ఉండలేక వెళ్ళాను. డాక్టరమ్మని అడిగి, మంచం మీదే చేసే చిన్న చిన్నవి చేయించాను. అరచేతులు వేడెక్కేదాకా రుద్ది కళ్ళ మీద పెట్టడం. పళ్ళు ముప్ఫై ఆరుసార్లు టకటకా తాటించడం, ఊరిన ఉమ్మిని మూడు గుక్కలుగా మింగడం. అరికాళ్ళు రుద్దడం నేనే చేసేదాన్ని. "మందులు మానకుండా ఇవన్నీ చేసుకోండి, మంచిదే," అంది డాక్టరమ్మ. మింగడం నిజంగానే మెరుగైంది.

వాళ్ళమ్మాయి కాంగ్ జింగ్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఇదంతా చూసి, "తాన్ పెద్దమ్మా, మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళం," అనేది. నాకు వేడి నీళ్ళు పోసి ఇచ్చేది. తాగేదాన్ని.

లాన్‌ఫెన్ మాజాంగ్ మానేసింది. మిరపనూనె ముట్టడం మానేసింది, పలచటి గంజీ ఊరగాయ ముక్కతో సరిపెడుతోంది. ఏభై ఏళ్ళ కాపురంలో "ముసలోడా" తప్ప మరో పిలుపు ఎరగని మనిషి ఇప్పుడు మొగుణ్ణి "మీరు" అంటోంది. "మీకు దిండు సరిగ్గా ఉందా? మీకు చలిగా ఉందా?" నేను నోరు విప్పితే ఆ క్షణంలో ఆగిపోతుంది ఇదంతా. ఒక్క వాక్యం చాలు.

రేపు చెబుదాం అనుకునేదాన్ని.

మూడో వారంలో మాట నేర్పే అమ్మాయి రావడం మొదలుపెట్టింది. బొమ్మల కార్డులు చూపించేది. కప్పు, చెట్టు, చేప. ఆయన నుదుటి నరాలు ఉబ్బేవి. ఒక బుధవారం "నీ...ళ్ళు" అన్నాడు. గదంతా చప్పట్లు. జింగ్ ఏడ్చేసింది. నేనూ చప్పట్లు కొట్టాను.

"చాలా బాగుంది," అంది ఆ అమ్మాయి. "ఈ లెక్కన ఇంకో నెలలో చిన్న చిన్న వాక్యాలు వచ్చేస్తాయి."

తిరిగి వెళ్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంకో నెల. ఆయన మొదటి వాక్యం ఏమిటో నాకు తెలుసు. నేను ముందే చెప్పేస్తే ఒక లెక్క, ఆయన నోటి నుంచి వస్తే ఇంకో లెక్క. అప్పుడు నా మనసులోకి ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ఇక్కడ రాయకుండా దాటేయొచ్చు. కానీ రాస్తాను. ఆ మాటలు రాకపోతే బాగుండు అనుకున్నాను.

ఒక స్టాపు దూరం అలాగే అనుకున్నాను. తర్వాత నా మీద నాకే రోత పుట్టి మధ్యలో దిగిపోయాను.

లాన్‌ఫెన్ పార్కుకి రావడం మొదలుపెట్టింది. "ఆయన బదులు నేను చేస్తానక్కా. నేను చేసిన పుణ్యం ఆయనకి పోతుందేమో," అంది. ఎప్పుడూ వంగి ఎరగని మనిషి. చివరి వరసలో నిలబడి అందరం ఎనిమిదిసార్లు చేస్తే ఆవిడ ముప్ఫై ఆరుసార్లు చేసేది. అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక్కతే విల్లు లాగుతూ ఉండేది. "అంత వద్దు, ఏడు వంతులు చాలు," అన్నాను రెండుసార్లు. వినలేదు. గట్టిగా చెప్పే హక్కు నాకు లేదనిపించి ఊరుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. ఒక రోజు జింగ్ ఫోను తీసి ఫోటో చూపించింది.

మా దగ్గర ప్రాణం నిలబెట్టిన డాక్టరుకో, మంచి చేసిన గురువుకో ఎర్ర వెల్వెట్ బ్యానరు ఇస్తారు. పసుపుపచ్చ కుచ్చులు, బంగారు రంగు అక్షరాలు. నలుగురి ముందు ఇస్తారు, ఫోటో తీస్తారు. ఆ ఫోటోలో బ్యానరు మీద నా పేరుంది. "జబ్బుకి జంకని చేతులు, తల్లిలాంటి మనసు. తాన్ పెయ్‌రోంగ్ గురువుగారికి, కాంగ్ కుటుంబం."

"శనివారం పార్కులో ఇస్తాం పెద్దమ్మా. నాన్నని రెండు గంటలు బయటికి తీసుకెళ్ళొచ్చన్నారు. అందరూ ఉంటారు."

"ఇవన్నీ ఎందుకమ్మా..."

"మీరు ఏమీ అనకూడదు. కుట్టించేశాం."

శనివారం మంచు కమ్ముకుని ఉంది. గింకో చెట్ల ఆకులు పసుపుపచ్చగా రాలి నేల కనపడటం లేదు. నలభై మంది రావాల్సిన చోట అరవై మంది వచ్చారు. మంగలి ఫూ తల మెరిసేలా తుడుచుకుని, ఫోను కెమెరా తుడుచుకుంటున్నాడు. చక్రాల కుర్చీలో దెషున్, ఒళ్ళో దుప్పటి. నన్ను చూడగానే ఎడమ చెయ్యి లేచింది. నేను అటు వెళ్ళకుండా స్పీకరు దగ్గరికి వెళ్ళి కదలికలు చెప్పే పాట పెట్టాను. ముందు కసరత్తు, తర్వాత బ్యానరు అనుకున్నాం.

రెండో కదలిక అయ్యేసరికి లాన్‌ఫెన్ వరసలోంచి బయటికి వచ్చి నా పక్కన నిలబడింది. ముఖం బూడిద రంగులో ఉంది. పెదవి మీద చెమట.

"అక్కా, ఒక మాట. పది రోజులుగా విల్లు లాగుతుంటే ఇక్కడ," అని ఎడమ రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది, "బండరాయి పెట్టినట్టుంటోంది. ఆగితే తగ్గుతోంది. శక్తి గుద్దడమంటే ఇదేగా?"

నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"జింగ్‌కి చెప్పావా?"

"చెబితే ఆసుపత్రికి ఈడ్చుకుపోతుంది. ఇంట్లో ఒక రోగి చాలడా? నీకు చెబుతున్నాగా."

అవే మాటలు. ఆ మొగుడికి ఈ పెళ్ళాం.

"ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళు."

"ఇప్పుడా? బ్యానరు పెట్టుకుని? బాగుంది వరస! అందరికీ ఆపొద్దంటావు, నా దగ్గరికొచ్చేసరికి ఆపమంటావా? నేను నీ శిష్యురాల్ని కానా?"

"లాన్‌ఫెన్, నవ్వులాట కాదు."

"నాకూ కాదక్కా." గొంతు తగ్గించింది. "ఆయన్ని పడగొట్టిన మనిషిని. కాస్త నొప్పి నాక్కూడా ఉండనీ."

నేను జింగ్ వైపు చూశాను. ఆ పిల్ల చెవిలో ఒక మాట వేస్తే సరిపోతుంది. వాళ్ళమ్మని తీసుకెళ్తుంది. నా సంగతి నాతోనే ఉంటుంది. ఆ దారి నాకు వెంటనే కనిపించింది, ఆ దారినే పోయాను. జింగ్‌ని పిలిచి, "అమ్మకి గుండెలో బరువుగా ఉందట, తీసుకెళ్ళు," అన్నాను.

"అమ్మా! ఎప్పట్నుంచి?"

"ఏం కాదే. కసరత్తు పనిచేస్తోంది, అంతే. శక్తి గుద్దుతోంది."

ముందు వరసలో పట్టుచొక్కా ఆవిడ వెంటనే అందుకుంది. "అవునమ్మాయ్, కంగారుపడకు. నాకూ మొదట్లో అంతే."

"నాకు మెడ దగ్గర," అన్నాడు ఇంకొకాయన. "ఆపితే రోగం గెలుస్తుంది."

"గురువుగారు ఎప్పుడూ చెప్పేదే కదా!"

"ఆపకూడదు వదినా, ఆపకూడదు!"

పది నోళ్ళు, ఇరవై నోళ్ళు. అన్నీ నా మాటలే. నా గొంతు ఎత్తుపల్లాలతో సహా. లాన్‌ఫెన్ కూతురి వైపు చూసి, విన్నావా అన్నట్టు తల ఎగరేసింది. జింగ్ అయోమయంగా నా వైపు తిరిగింది. ఫూ బ్యానరు విప్పుతూ, "గురువుగారూ, ఇటు నవ్వండి!" అన్నాడు.

"ఆ మాట తప్పు," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. బస్సు వెనక సీటుదాకా వినపడేలా అరిచే గొంతు నాది. ఆ గొంతు తీశాను.

"ఆ మాట తప్పు! శక్తి లేదు, గుద్దడం లేదు. ఆ మాట నాకు మా గురువు చెప్పలేదు. స్టేడియంలో ఎవడో చెప్పాడు. మా గురువు నొప్పి పుడితే ఆగమంది. నేను మీకు ఆపొద్దని చెప్పాను."

అందరూ ఆగిపోయారు. స్పీకరు మాత్రం ఆగలేదు. "నాలుగో కదలిక. నెమ్మదిగా వెనక్కి చూడండి," అంటోంది.

"కాంగ్ అన్న పడిపోయే ముందు మంగళవారం నా దగ్గరికొచ్చాడు. కుడి చెయ్యి రెండుసార్లు మొద్దుబారిందన్నాడు. కప్పు జారిందన్నాడు. ఆసుపత్రికి వెళ్ళాలా అని అడిగాడు." ఆయన కుర్చీ వైపు తిరిగాను. "వద్దన్నాను. విల్లు ఇంకో నాలుగుసార్లు లాగమన్నాను."

లాన్‌ఫెన్ నా ముఖంలోకి చూస్తోంది.

"ఏ మంగళవారం?"

"గురువారానికి ముందు మంగళవారం."

"అయితే ఆ లేసు..."

"చెయ్యి పనిచెయ్యక. అప్పటికే మొదలైంది. నువ్వు తిట్టినందుకు కాదు."

"నేను తిట్టినందుకు కాదు," అంది పాఠం అప్పజెప్పినట్టు.

"కాదు."

"డాక్టరు అడిగింది. నీ ముందే అడిగింది."

"అవును."

"ముప్ఫై అయిదు రోజులు," అంది. "ముప్ఫై అయిదు రోజులు నా పక్కన కూర్చున్నావు. 'నేనే పడగొట్టుకున్నానక్కా' అని నీ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. నువ్వు నా వీపు నిమిరావు."

నిమిరాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఫూ చేతిలోంచి బ్యానరు లాక్కుని, చుట్టకుండానే చంకలో కుక్కుకుని, రెండడుగులు వేసి, రొమ్ము పట్టుకుని వంగింది. జింగ్ పరుగెత్తి పట్టుకుంది. నేను చెయ్యి వేయబోయాను.

"మీరు మా అమ్మని ముట్టుకోకండి," అంది ఆ పిల్ల. పెద్దమ్మా అనలేదు.

టాక్సీలో తల్లీకూతుళ్ళు వెళ్ళారు. ఆసుపత్రి రెండు స్టాపుల దూరమే. చక్రాల కుర్చీ తోసుకుంటూ ఫూ బయల్దేరాడు. నా వైపు చూడకుండానే వెళ్ళాడు.

మిగిలినవాళ్ళు అక్కడే ఉన్నారు. కొందరు సంచులు సర్దుకుంటున్నారు. పట్టుచొక్కా ఆవిడ, "పదకొండేళ్ళు..." అని గొణుక్కుంటోంది. నేను స్పీకరు ఆపేశాను.

"వెళ్ళే ముందు ఒక్క మాట. నొప్పి అనో, తిమ్మిరి అనో, కళ్ళు తిరిగాయనో నా దగ్గరికొచ్చి, నేను ఆపొద్దన్నవాళ్ళు ఇంకెవరున్నారు?"

ఎవరూ కదల్లేదు. నా పరువు కాపాడుతున్నారు. అది చూస్తే ఇంకా భయమేసింది.

"దయచేసి," అన్నాను.

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. మొత్తం ఏడు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాను. నలుగురివి మోకాళ్ళు, భుజాలు. వాళ్ళకి వీలు చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. మిగిలిన ముగ్గురిని వెంటబెట్టుకుని బస్సెక్కాను. తల తిప్పితే ఒక కన్ను మసకబారే టైలరు శియావ్, మెట్లెక్కితే దవడ లాగే కుయ్ పిన్ని, ఎడమ కాలు రెండుసార్లు పట్టుతప్పిన వాన్ పెద్దాయన. దారిలో వాన్ పెద్దాయన, "నేను ఎప్పుడో మర్చిపోయాను. నువ్వు అడక్కపోతే గుర్తుకే రాదు," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఈసీజీ గది బయట వసారాలో చక్రాల కుర్చీ ఉంది. ఫూ నీళ్ళు తేవడానికి వెళ్ళాడట. నాతో వచ్చిన ముగ్గురికీ టోకెన్లు తీసుకుని కూర్చోబెట్టాక, ఇక తప్పించుకోవడానికి కారణం మిగల్లేదు. వెళ్ళి దెషున్ ముందు నిలబడ్డాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"అందరి ముందూ చెప్పేశాను అన్నా. నువ్వు విన్నావుగా."

తల అడ్డంగా ఊపాడు. నోరు కూడదీసుకున్నాడు. మెడ నరాలు బిగిశాయి. "అడి...గా," అన్నాడు. "నిన్నే... అడిగా."

"అవును. నన్నే అడిగావు."

మళ్ళీ తల అడ్డంగా. కోపంగా. ఎడమ చేత్తో తన గుండె మీద పొడుచుకున్నాడు. "తెలు...సు. నువ్వు... వద్దంటావని." ఊపిరి తీసుకున్నాడు. "అందుకే... నిన్ను."

అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. డాక్టరునీ, పెళ్ళాన్నీ, కూతుర్నీ అడగలేదు. ఎవరు వద్దంటారో వాళ్ళ దగ్గరికే వచ్చాడు. ఇన్నాళ్ళూ నా చెయ్యి పట్టుకుని తోసుకొచ్చిన మాట ఇదన్నమాట. నన్ను నిందించడం అనుకున్నాను నేను.

అది వింటే బరువు దిగాలి. దిగలేదు. అడిగినవాడు తనకి నచ్చిన జవాబు కోసమే వచ్చినా, ఇచ్చింది నేనే.

"గుండెకేం లేదట."

వెనక లాన్‌ఫెన్. చేతిలో ఈసీజీ కాగితం, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న చొక్కా. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలియదు. చాలానే వినుండాలి.

"కండరం పట్టేసిందట. రోజుకి ముప్ఫై ఆరుసార్లు ఈ వయసులో ఎవరు చెయ్యమన్నారని తిట్టింది డాక్టరు." మొగుడి వైపు తిరిగింది. "ఏరా ముసలోడా! చెయ్యి మొద్దుబారితే పక్కలో ఉన్నదానికి చెప్పవు. పార్కులో చెబుతావా? నేనేమైనా నిన్ను కొరుక్కు తింటానా? ఇంటికి రా, నీ సంగతి చెప్తా."

దెషున్ నోరు ఒక పక్కకే సాగింది. నవ్వాడు. నలభై రోజుల్లో ఆ మనిషి నవ్వడం నేను చూడలేదు.

ఆవిడ నా వైపు తిరిగేసరికి ముఖంలో ఆ వెలుగంతా పోయింది.

"ఆయన ఏదో అన్నాడని నీకు తేలికైపోయిందనుకోకు."

"అనుకోవడం లేదు."

"చెయ్యి సంగతి తప్పు చెప్పావు, సరే. ఊరంతా చెప్పే మాటే, నువ్వూ చెప్పావు. నేను ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావే, అది..." మాట దొరకలేదు. చేత్తో గాలిని తోసేసింది. "వార్డుకి రాకు. ఇంటికి రాకు. సూపు తేకు."

"సరే లాన్‌ఫెన్."

"నన్ను పేరుతో కూడా పిలవకు."

నేను తల ఊపాను. ఆవిడ చక్రాల కుర్చీ తిప్పింది. నా మణికట్టు మీద ఆయన వేళ్ళు ఇంకా ఉన్నాయి. ఆవిడే వంగి ఒక్కో వేలూ విడదీసింది, నెమ్మదిగా, ఆయనకి నొప్పి పుట్టకుండా. తర్వాత వసారా పొడుగునా తోసుకుంటూ వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉంది ఆయన్ని.

నేను వచ్చి బల్ల మీద కూర్చున్నాను. టైలరు శియావ్ నా ఒళ్ళో తన టోకెను పెట్టి, కళ్ళజోడు లేదు నంబరు చూడమన్నాడు. కుయ్ పిన్ని ఊరికే దవడ తడుముకుంటోంది.

"ఆ నొప్పి మొదట ఎప్పుడు వచ్చింది పిన్నీ?" అని అడిగాను.

"కొత్త సంవత్సరం వసంత పండగ ముందు. నీకప్పుడే చెప్పాగా."

తొమ్మిది నెలలు.

"డాక్టరు అడిగితే అదే చెప్పు," అన్నాను. "నాకు చెప్పానని కూడా చెప్పు. నేనేమన్నానో కూడా."

"అదెందుకే? నీ పేరు ఎందుకు మధ్యలో?"

తలుపు తెరిచి నర్సు కుయ్ పిన్ని నంబరు పిలిచింది. నేను పిన్ని మోచెయ్యి పట్టుకుని లేపాను.

"పద. నువ్వు మర్చిపోతే నేను చెప్తాను."